కుటుంబానికి ఒక సభ్యత్వం: సోషలిస్టుల వాదాలు, మన లెక్కలు

(కర్నూలులో జరిగిన రాయలసీమ మహిళా సంఘాల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం ‘ఆర్థిక వ్యవస్థ నిర్వహణపై సోషలిస్టుల భిన్న దృక్పథాలు’. యూనివర్సిటీలో అయితే ఈ పేరు పెట్టి రెండు గంటలు మాట్లాడవచ్చు, ఎవరికీ ఏ నష్టమూ ఉండదు. కానీ నిన్న రాత్రి భోజనాల దగ్గర మీరు పోట్లాడుకున్నది విన్నాను. ఈ అంశం గురించే పోట్లాడారు, పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. మనం పెట్టబోయే ఉత్పత్తిదారుల సంఘం ముసాయిదా మీద కడప వైపు నుంచి వచ్చిన ఒక చెల్లెలు, ‘గవుర్మెంటే కొనాల, గవుర్మెంటే మిల్లు పెట్టాల. సొసైటీలు ఎట్ల మునిగినాయో సూడలేదా?’ అంది. ఎమ్మిగనూరు పెద్దక్క ఒప్పుకోలేదు. ‘గవుర్మెంటు చేతికిస్తే మనం మళ్ళా ఆఫీసు గుమ్మం కాడ నిలబడాల్సిందే, మన సొసైటీ మనకుంటే మేలు’ అంది. ఆలూరు దిక్కు నుంచి వచ్చిన మరొకామె ఇద్దరినీ కసిరింది: ‘సెంటు భూమి లేనోళ్ళకు మీ మిల్లెందుకు, మీ సొసైటీ ఎందుకు? ముందు భూమి తేండి.’

ప్రభుత్వ యాజమాన్యం, సహకారం, దున్నేవారికే భూమి. వందేళ్ళకు పైగా సోషలిస్టులు తమలో తాము కొట్లాడుకున్నది ఈ మూడింటి మీదే. అందుకని పుస్తకాల్లోంచి కాకుండా మన సీమలోంచే ఈ కథ చెబుతాను.

ఎమ్మిగనూరుతో మొదలుపెడతాను. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార ఉత్పత్తి, అమ్మకాల సంఘం స్థాపించారు. అప్పటిదాకా నేతగాడు సావుకారు దగ్గర నూలు అప్పు తెచ్చుకుని, నేసిన గుడ్డ అతనికే ఇచ్చి, కూలి మిగిలితే తీసుకునేవాడు. నూలూ అమ్మకమూ సంఘం చేతికి వస్తే సావుకారు పట్టు సడలుతుందన్నది ఆలోచన. అది చాలా మటుకు నిజమైంది కూడా. నూలు సొసైటీ ఇచ్చేది, గుడ్డ సొసైటీ అమ్మేది. నేతపనివారికి ఇళ్ళ కాలనీ వచ్చింది. సోమప్పగారికి 1954లో పద్మశ్రీ ఇచ్చారు. పెట్టుబడిదారుడు లేకుండా, అధికారి కూడా లేకుండా, పనిచేసేవాళ్ళే తమ పరిశ్రమను నడుపుకోగలరని చూపించడానికి సీమలో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. తర్వాతి దశాబ్దాల్లో మరమగ్గాలు, మారిన మార్కెట్టు, రాజకీయాలు కలిసి సొసైటీని బలహీనపరిచాయి. ఆ కథ మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు.

నేను చెప్పదలుచుకున్నది బలంగా ఉన్న రోజుల సంగతి. ఒక మగ్గం ఆడాలంటే ముందు నూలు చిలపలు విప్పాలి, రాట్నం మీద కండెలు చుట్టాలి, పడుగు పోయాలి, గంజి పెట్టాలి, తెగిన పోగులు అతకాలి. ఈ పనుల్లో ఎక్కువ భాగం ఇంటి ఆడవాళ్ళది, పిల్లలది. మగ్గం మీద కూర్చున్న మనిషికి రోజంతా పేక అందించాలంటే పక్కన ఇంకొక మనిషి ఉండక తప్పదు. చేనేత సహకార సంఘాల్లో సభ్యత్వం మాత్రం మామూలుగా మగ్గానికి ఒకటి. మజూరీ గుడ్డకు కడతారు, అది సభ్యుడి పేరున పడుతుంది. కండెలు చుట్టిన చేతికి విడిగా లెక్క లేదు. చాలా ఏళ్ళ కిందట పరిశోధన కోసం ఒక నేత ఇంటికి వెళ్ళి, అక్కడి పెద్దమ్మను ఏం పని చేస్తారని అడిగాను. ఆమె రాట్నం తిప్పుతూనే ఉంది. ‘నేనేం పని జేస్తానమ్మా, ఇంట్లోనే ఉంటా’ అంది. ప్రశ్నావళిలో ఆ గడి ఎదుట ఏం రాయాలో నాకు పాలుపోలేదు. అప్పుడు ‘గృహిణి’ అని రాశాననుకుంటాను. ఆ తప్పు నాది.

ఇక కర్నూలుకు వద్దాం. మనం కూర్చున్న ఈ ఊరు 1953 అక్టోబరు 1 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆఫీసులు చాలక గుడారాలు వేశారు. ఆ మూడేళ్ళలో ఇక్కడ తలపడినన్ని రకాల సోషలిజాలు మరే చిన్న ఊళ్ళోనూ తలపడి ఉండవని నాకనిపిస్తుంది. మొదటి ముఖ్యమంత్రి ప్రకాశం పంతులుగారు కాంగ్రెసు వదిలి కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీలోకి వెళ్ళినవారు. ఆ పార్టీ 1952లో సోషలిస్టు పార్టీతో కలిసి ప్రజా సోషలిస్టు పార్టీ అయింది. ఆయన దాన్ని కూడా విడిచిపెట్టి కాంగ్రెసు మద్దతుతో పీఠమెక్కారు. ఎదురుగా కమ్యూనిస్టులు బలమైన ప్రతిపక్షం. రైతుల పేరున కృషికార్ లోక్ పార్టీ. 1954 నవంబరులో ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో, 69కి 68తో, పడిపోయింది. కారణం మద్యనిషేధం. నిషేధం వల్ల లక్షలాది గీత కార్మికుల పొట్ట కొట్టారని వామపక్షాలూ, లచ్చన్నగారూ అన్నారు. అది అబద్ధం కాదు. నిషేధం గాంధీగారి ఆశయమని ప్రభుత్వం వైపువాళ్ళు అన్నారు. గీసేవాడి బతుకు ఒకవైపు, ఖజానా ఇంకోవైపు, ఆశయం మరోవైపు. తాగి వచ్చిన మనిషితో రాత్రంతా ఇంట్లో ఉండే మనిషి సంగతి ఆ తూకంలో ఎవరూ వేసినట్టు లేదు. ఆ మనిషే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి బయలుదేరి సారా వేలాలను ఆపింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. 2019 నుంచి 2024 దాకా మద్యం దుకాణాలను నేరుగా ప్రభుత్వమే నడిపింది. ప్రభుత్వం చేతిలో ఉంటే చాలు సోషలిజం అనేవాళ్ళను ఈ దుకాణాల గురించి అడగాలని నాకు ఎప్పుడూ ఉంటుంది.

ప్రకాశంగారి ప్రభుత్వం పడిపోయాక, 1955 ఫిబ్రవరి ఎన్నికలకు ముందు ఒక సంఘటన జరిగింది. జనవరిలో ఆవడిలో కాంగ్రెసు ‘సోషలిస్టు తరహా సమాజం’ తమ లక్ష్యమని తీర్మానం చేసింది. ఆంధ్రలో కమ్యూనిస్టుల నినాదం సగం వాళ్ళ చేతుల్లోంచి జారిపోయింది. ఓట్లు దాదాపు మూడో వంతు వచ్చినా 196 స్థానాల్లో కమ్యూనిస్టులకు దక్కినవి 15. ఆవడి వెనకే 1956లో రెండో పంచవర్ష ప్రణాళిక వచ్చింది. మహలనోబిస్ పద్ధతిలో ఉక్కు, భారీ యంత్రాలు, కరెంటు ముందు. అవి ప్రభుత్వ రంగంలో. మరి జనానికి గుడ్డలు, నూనె, చెప్పులు ఎవరు చేయాలి? వాటిని చేనేత, ఖాదీ, గ్రామీణ పరిశ్రమలు చేయాలన్నారు. తక్కువ పెట్టుబడితో ఎక్కువ మందికి పని దొరుకుతుందని కార్వే కమిటీ లెక్క వేసింది.

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే నా వాదన అంతా ఇక్కడే ఉంది. చేనేతకు తక్కువ పెట్టుబడి చాలునని ప్రణాళికా కర్తలు ఎలా అనగలిగారు? మగ్గం చవక, కొట్టం సొంతది, నిజమే. కానీ ఆ చవకలో పెద్ద భాగం జీతం లేని ఆడవాళ్ళ శ్రమ. భిలాయిలో ఉక్కు కరుగుతున్నంతకాలం దేశానికి చవకగా గుడ్డ అందించే బాధ్యత ఎమ్మిగనూరు, మాధవరం, జమ్మలమడుగు మగ్గాల మీద పెట్టారు. ఆ మగ్గాలు ఆ బాధ్యతను రాట్నం మీదకు నెట్టాయి. భారీ పరిశ్రమ కావాలనే నెహ్రూ సోషలిజానికీ, కుటీర పరిశ్రమ కావాలనే గాంధేయ సోషలిజానికీ మధ్య ఎంత చర్చ జరిగింది! రెంటికీ కింద ఒకే మనిషి ఉచితంగా పనిచేస్తున్నదన్న సంగతి ఆ చర్చలో రాలేదు. లోహియా ఒక్కడు కొంత దగ్గరికి వచ్చాడు. పెట్టుబడిదారీ విధానం, కమ్యూనిజం రెండూ పెద్ద యంత్రాన్నే నమ్ముకున్నాయి, మనకు చిన్న యంత్రం కావాలి అన్నాడు. ఆడవాళ్ళకు మరుగుదొడ్లు, పొగలేని పొయ్యి రాజకీయ సమస్యలేనని పట్టుబట్టి చెప్పాడు. ఆయన అనుచరులు చిన్న యంత్రం మాట గుర్తు పెట్టుకున్నంతగా పొయ్యి మాట గుర్తు పెట్టుకోలేదు.

భూమి సంగతి. సీమ కమ్యూనిస్టులను తక్కువ చేసి మాట్లాడే అలవాటు కోస్తా మేధావులకు ఉంది, నాకు లేదు. కడప నుంచి ఎద్దుల ఈశ్వరరెడ్డిగారు కమ్యూనిస్టు పార్టీ తరఫున 1952లోనూ, తర్వాత 1962, 1967, 1971లోనూ లోక్‌సభకు గెలిచారు. పక్కన అనంతపురంలో తరిమెల నాగిరెడ్డిగారు 1952లో తన సొంత బావ నీలం సంజీవరెడ్డినే ఓడించారు. ఇద్దరూ కమ్యూనిస్టులే. కానీ పార్టీ 1964లో చీలింది, 1967 తర్వాత మళ్ళీ చీలింది. నాగిరెడ్డిగారు 1969లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు. కోర్టుకు ఇచ్చిన వాంగ్మూలమే ఆయన మరణం తర్వాత 1978లో ‘తాకట్టులో భారతదేశం’గా అచ్చయింది. ప్రభుత్వ రంగాన్ని బలపరిస్తే క్రమంగా సోషలిజం వైపు నడవవచ్చని ఒక పాయ నమ్మింది. విదేశీ పెట్టుబడికి తాకట్టు పడ్డ రాజ్యం చేతిలో ప్రభుత్వ రంగం ఉంటే ఏం, ప్రైవేటు ఉంటే ఏం, ముందు భూస్వామ్యాన్ని కూలగొట్టి దున్నేవారికి భూమి పంచాలి అని నాగిరెడ్డి వాదం. ఆలూరు అక్క నిన్న రాత్రి అన్నది ఇదే.

దీనికి అవతలి ఒడ్డున రంగాగారు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెసు ఉమ్మడి సహకార వ్యవసాయం తీర్మానం చేస్తే, రైతు కుటుంబాన్ని నాశనం చేస్తారని ఆయన బయటికి వచ్చి స్వతంత్ర పార్టీ పెట్టినవారిలో ఒకరయ్యారు. సహకార వ్యవసాయం కావాలన్నవాళ్ళూ, వద్దన్నవాళ్ళూ ‘రైతు కుటుంబం’ అనే మాట వాడారు. ఆ కుటుంబంలో రైతు ఎవరని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే 1973 భూసంస్కరణల చట్టం అలా ఉండేది కాదేమో. ఆ చట్టం తరగతిని బట్టి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు పరిమితి పెట్టింది. కుటుంబాన్ని ఒక యూనిట్‌గా తీసుకుంది. తర్వాత చేర్చిన సవరణతో మేజరైన ఒక్కో కొడుకుకూ విడిగా మరో వాటా ఉంచుకోవచ్చు. మేజరైన కూతురికి లేదు. అంటే కొడుకుల్ని కన్న భూస్వామికి చట్టమే భూమి మిగిల్చింది, కూతురు చట్టం లెక్కలో మనిషే కాదు. పరిమితి ఎక్కువని, బినామీలున్నాయని, మిగులు భూమి తేల్చలేదని వామపక్షాలు చేసిన విమర్శలన్నీ సరైనవే. కూతురి మాట మాత్రం ముందు వరసకు రాలేదు. అదే రాష్ట్రంలో 1986లో కూతుళ్ళకు పిత్రార్జితంలో సమాన హక్కు ఇచ్చే సవరణ చట్టం వచ్చాక కూడా ఆ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చదివినవాళ్ళు తక్కువ. మీలో డి.కె.టి. పట్టాలున్నవాళ్ళు ఇంటికి వెళ్ళాక కాగితం తీసి ఎవరి పేరుందో చూడండి.

ఇక ప్రభుత్వ యాజమాన్యం. దాన్ని సులువుగా కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. ఈ నేలకు మార్కెట్టు మొదట ఎలా వచ్చిందో గుర్తు చేసుకోవాలి. కె.సి. కాలువను 1860లలో తవ్వింది మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ఇంగ్లీషు ప్రైవేటు కంపెనీ. వాటాదార్ల వడ్డీకి ప్రభుత్వం హామీ. కంపెనీ నష్టపోతే ఆ భారం ఖజానాది, అంటే పన్ను కట్టే రైతుది. చివరకు 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. నడుమ 1876-78 కరువు వచ్చింది. మద్రాసు రాజధానిలో అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. ధాన్యం వ్యాపారంలో జోక్యం చేసుకోరాదని పైనున్న దొరల సిద్ధాంతం. కరువు పనుల్లో రిచర్డ్ టెంపుల్ పెట్టిన కూలి మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. ఆడమనిషికి అంతకంటే తక్కువ. ఆకలికి కూడా ఆడా మగా తేడా పెట్టారు. 2006 ఫిబ్రవరి 2న మన పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైనప్పుడు ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకే కూలి అని చట్టంలో రాసి ఉంది. ఆ మధ్యకాలం 129 ఏళ్ళు. రాజ్యం చేతిలో చట్టం ఉండడం వల్ల సాధ్యమైన మార్పు అది. దాన్ని నేను తక్కువ చేయను.

మార్కెట్టుకు వదిలేస్తే ఏమవుతుందో చూడాలంటే 1990లలో నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల పత్తి విత్తనాల చేలు చూస్తే చాలు. పదేళ్ళ, పన్నెండేళ్ళ ఆడపిల్లల్ని బడి మాన్పించి క్రాసింగ్ పనికి పెట్టారు, తల్లిదండ్రులకు ముందే అప్పులిచ్చి. కంపెనీ రైతుకు ధర నిర్ణయించింది, రైతు పిల్ల వేళ్ళకు ధర నిర్ణయించాడు.

అయినా ప్రభుత్వం చేతిలో ఉండడం అంటే జనం చేతిలో ఉండడం కాదు. శ్రీశైలం ప్రాజెక్టు పూర్తిగా ప్రభుత్వానిదే. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు మునిగాయి. 1981లో ఇళ్ళు కూలగొట్టి మనుషుల్ని తరిమారు. పరిహారం పట్టాదారుకు ఇచ్చారు. ఆ నేల మీద కూలి చేసి, కట్టెలు ఏరి, గేదెను మేపి బతికినవాళ్ళకు పట్టా ఎక్కడిది? పాత కడప జిల్లా మంగంపేటలో ప్రపంచంలోకెల్లా పెద్దదని చెప్పే ముగ్గురాయి నిక్షేపం రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ చేతిలో ఉంది. తుమ్మలపల్లె యురేనియం గని కేంద్ర ప్రభుత్వ సంస్థది. వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్ళు చెడిపోతున్నాయని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి మొరపెట్టుకున్నారు. తాగే నీళ్ళు చెడితే ఇంకో బోరు కాడికి బిందె ఎత్తుకుని నడిచేది ఎవరో మీకు చెప్పనక్కరలేదు. ఆ నడక ఏ సంస్థ జమాఖర్చుల్లోనూ ఉండదు.

బయటి దేశాల్లో ఏమన్నా మేలుగా జరిగిందా? కొంత జరిగింది. వంటిల్లూ పిల్లల పెంపకమూ సమాజం బాధ్యత కావాలని విప్లవం తర్వాత రష్యాలో కొల్లొంతాయ్ పోరాడింది. ఉమ్మడి భోజనశాలలు, శిశు సంరక్షణ కేంద్రాలు కమ్యూనిజం మొలకలని 1919లో లెనిన్ రాశాడు. చైనా 1958లో కమ్యూన్లు పెట్టి, ఊరంతటికీ ఒకే వంటశాల అంది. అది కరువులో కూలిపోయింది. కమ్యూన్ పొలంలో మాత్రం మగవాడి రోజుకు పది పాయింట్లు వేస్తే ఆడమనిషికి ఏడో, ఎనిమిదో వేశారు. రష్యాలో సమష్టి క్షేత్రాల పక్కనే ఇంటికి వదిలిన చిన్న చిన్న పెరటి చెక్కలు దేశానికి పాలు, బంగాళదుంపలు పెద్ద ఎత్తున అందించాయి. వాటి మీద పని ఎక్కువగా ఆడవాళ్ళది. ప్రణాళిక వాళ్ళను ‘సహాయ వ్యవసాయం’ కింద రాసుకుంది. యుగోస్లావియా 1950లో ఫ్యాక్టరీలను కార్మికుల కమిటీలకు అప్పగించింది. అది నాకు ఇష్టమైన ప్రయోగం. కానీ ఫ్యాక్టరీలో ఉన్నవాళ్ళకే ఓటు, ఇంట్లో ఉన్న మనిషికి లేదు. మగ్గానికి ఒక సభ్యత్వం అన్నదానికీ దీనికీ ఎంత తేడా ఉందో మీరే చెప్పండి.

ఇప్పుడు ఓర్వకల్లు. 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ సాయంతో ఇక్కడికి దగ్గర్లోనే పొదుపు సంఘాలు మొదలయ్యాయి. అదే ఏడాది పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. 1964 చట్టం కింద రిజిస్ట్రారు తలుచుకుంటే పాలకవర్గాన్ని రద్దు చేయవచ్చు; కొత్త చట్టం కింద సంఘం సభ్యులదే. ఓర్వకల్లు పొదుపులక్ష్మి ఐక్య సంఘం ఆడవాళ్ళే సభ్యులుగా, ఆడవాళ్ళే నాయకులుగా నిలబడింది. ఎవరి భార్యగానో కాకుండా తన పేరున పాసుపుస్తకం ఉండడం చిన్న మార్పు కాదు. దాన్ని చూసి సహకార సోషలిజం వచ్చేసిందని మురిసిపోవడం నాకు కుదరదు. అదే కాలంలో ప్రభుత్వం బడి నుంచీ ఆసుపత్రి నుంచీ కొనుగోలు నుంచీ తప్పుకుంటూ వచ్చింది, ఆ ఖర్చు సంఘం అప్పుతో తీర్చుకోమంది. వెనకే మైక్రోఫైనాన్సు కంపెనీలు వచ్చాయి, 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసినంత దారుణం జరిగింది. డబ్బు చేతికి వచ్చింది, భూమి రాలేదు, మిల్లు రాలేదు, వారానికి ఒక మీటింగు అదనంగా వచ్చింది.

అందుకే నిన్నటి పోట్లాటలో నేను ముగ్గురి పక్షమూ తీసుకోలేను, ముగ్గురినీ వదులుకోనూ లేను. ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం కొనకపోతే మన సంఘం మొదటి ఏడే మునుగుతుంది. పత్తికొండ టమాటా, కర్నూలు ఉల్లి చూసినవాళ్ళకు ఇది తెలుసు. సంఘం మనది కాకపోతే ప్రభుత్వం ఎవరి పేరున కొంటుందో కూడా తెలుసు. భూమి మన పేర్ల మీద లేకపోతే సంఘంలో సభ్యత్వమే దొరకదు.

ముసాయిదా నా దగ్గరుంది. మూడో నిబంధనలో ‘ప్రతి ఉత్పత్తిదారుల కుటుంబానికి ఒక సభ్యత్వం ఉండును’ అని ఉంది. మన ఆడవాళ్ళమే రాసుకున్నాం. పాత సొసైటీ బైలా చూసి ఎత్తి రాసినట్టున్నారు, ఎవరినీ తప్పు పట్టను. దాన్ని ‘పద్దెనిమిదేళ్ళు నిండి పనిచేసే ప్రతి మనిషికీ’ అని మార్చమని నా సవరణ. పదకొండో నిబంధనలో మజూరీ ‘గుడ్డకు’ అని ఉంది. కండెకూ, పడుగుకూ, శెనక్కాయలు వలిచినదానికీ విడిగా రేటు రాయాలి, ఆ డబ్బు చేసిన మనిషి ఖాతాలో పడాలి. అలా చేస్తే మన గుడ్డ ధర పెరుగుతుంది, మార్కెట్టులో నిలవదు అని కోశాధికారి అక్క నిన్ననే నాతో అంది. ఆమె మాట నిజమే. ఆ పెరిగిన ధర ఎవరు కట్టాలి, ప్రభుత్వమా, కొనేవాళ్ళా, మన లాభంలోంచా అన్నది మధ్యాహ్నం తేల్చుకోవాలి. నేను సాయంత్రం బస్సు దాకా ఇక్కడే ఉంటాను. రేట్ల పట్టీ వేయడానికి ఇద్దరు నేత పని తెలిసినవాళ్ళు, ఒక లెక్కలు తెలిసిన అమ్మాయి నాతో కూర్చుంటే బాగుంటుంది.